పిల్లలకి మొదటి చాకు: ఎలా ఎంచుకోవాలి, ఎలా చేతికివ్వాలి

పిల్లలు చాకు అడిగే వయసు ఒకటి వస్తుంది. సావనదుర్గ ట్రెక్‌లో ఎవరి దగ్గరో ఎర్ర పిడి మడత చాకు కనిపిస్తుంది, లేదా సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు తాతయ్య కూర్చుని కర్ర చెక్కుతుంటే చూస్తారు. ఇంటికొచ్చాక మొదలు: "నాక్కూడా ఒకటి కొనిపెట్టవా?"

చాలా ఇళ్ళలో దీనికి వెంటనే "వద్దు" అనే జవాబు వస్తుంది. భయం సహజమే. కానీ బెంగళూరు ఫ్లాట్లలో పెరిగే మన పిల్లలకి పదునైన వస్తువు దగ్గర ఎలా మెలగాలో చూసి నేర్చుకునే అవకాశమే తగ్గిపోయింది. కత్తిపీట చాలా వంటిళ్ళలోంచి పోయింది. కూరగాయలు తరిగిన ప్యాకెట్లలో వస్తున్నాయి. పెన్సిల్‌కి షార్ప్‌నర్ ఉంది. ఎప్పుడో ఒకరోజు హాస్టల్లోనో అద్దె గదిలోనో మొదటిసారి కత్తి పట్టుకునే బదులు, ఇంట్లో మన పక్కన కూర్చుని నేర్చుకోవడం మంచిదని నా గట్టి నమ్మకం.

ఒక్క షరతు. చాకు కొనడం ఒక్క సాయంత్రం పని, పక్కన కూర్చోవడం నెలల పని. రెండోదానికి ఇప్పుడు తీరిక లేకపోతే మొదటిది కొన్నాళ్ళు వాయిదా వేయండి. కొని డ్రాయర్లో పడేస్తే పిల్లలు మనం లేనప్పుడు తీసి చూస్తారు. అసలు ప్రమాదం అక్కడుంది.

ముందు పిల్లని చూడండి, తర్వాత చాకుని

ఎన్నేళ్ళకి ఇవ్వాలి అని అందరూ అడుగుతారు. ఎనిమిదేళ్ళ చుట్టుపక్కల అని చెప్పచ్చు గానీ ఆ అంకెని పట్టుకుని కూర్చోకండి. ఏడేళ్ళకే నిదానంగా పనిచేసే పిల్లలుంటారు, పదకొండేళ్ళు వచ్చినా చేతిలో ఏదుంటే అది ఊపుతూ మాట్లాడే పిల్లలుంటారు. వయసు కన్నా కొన్ని అలవాట్లు చూసుకోవాలి.

మీరు "ఆగు" అనగానే ఆగుతారా? ఎందుకు, ఏమిటి అని అడిగేది ఆగిన తర్వాతేనా? కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేసే అలవాటు ఉందా? ఏదైనా పగిలితే వచ్చి చెబుతారా, దాచేస్తారా? నా దృష్టిలో ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. చాకుతో వేలు తెగితే తిడతారని భయపడి రక్తం చొక్కాకి తుడుచుకుని ఊరుకునే పిల్లకి చాకు ఇవ్వకూడదు. తిట్టరన్న నమ్మకం ముందు మనం కలిగించాలి, ఆ తర్వాత చాకు సంగతి.

కొనే ముందు కొన్ని వారాలు వంటింట్లో పని ఇవ్వండి. పీలర్‌తో దోసకాయ చెక్కు తీయించండి, కత్తెరతో పాల ప్యాకెట్ మూల కత్తిరించమనండి. చిన్న వంటింటి కత్తితో బీన్స్, ఆ తర్వాత క్యారెట్ తరగనివ్వండి. తరుగుతున్నప్పుడు రెండో చేతి వేళ్ళు ఎక్కడున్నాయో గమనిస్తే చాలు. వేళ్ళ కొసలు లోపలికి ముడుచుకుని, కణుపులు కత్తి వైపు ఉంచి పట్టుకోవడం అలవాటైతే చాకుకి సిద్ధమైనట్టే. టీవీ చూస్తూ తరుగుతుంటే ఇంకా కొన్నాళ్ళు ఆగండి.

ఇంకో మాట. పుట్టినరోజుకి ఇస్తానని ముందే మాటివ్వకండి. ఆ తేదీ వచ్చేసరికి పిల్ల సిద్ధంగా లేకపోయినా ఇవ్వాల్సి వస్తుంది.

ఎలాంటి చాకు

మొట్టమొదట: బొమ్మ చాకు వద్దు, మొండి చాకు వద్దు. మొండిదైతే భద్రం అనుకుంటాం గానీ జరిగేది తిరగబడి ఉంటుంది. పదును లేని చాకు చెక్కలోకి దిగదు. పిల్ల ఒంట్లో బలమంతా పెట్టి నొక్కుతుంది, చాకు జారుతుంది, ఆ బలమంతా వేలి మీదకి పోతుంది. పదునున్న చాకు తక్కువ బలంతో, అనుకున్న చోటే కోస్తుంది. చెయ్యి తెగినా గాయం నున్నగా ఉండి త్వరగా మానుతుంది.

పొడవు విషయానికొస్తే, బ్లేడు పిల్ల అరచేతి వెడల్పుకి, అంటే నాలుగు వేళ్ళు కలిపిన వెడల్పుకి మించకూడదు. ఆరేడు సెంటీమీటర్లు సరిపోతుంది. పిడి మాత్రం మరీ చిన్నదైతే పట్టు దొరకదు. తాళంచెవుల గుత్తికి తగిలించే 58 మిల్లీమీటర్ల విక్టోరినాక్స్ క్లాసిక్ చూడముచ్చటగా ఉంటుంది గానీ చెక్క చెక్కడానికి పిల్లలకే పట్టు చాలదు. ప్యాకెట్లు చింపడానికి, గోళ్ళకి అది బాగుంటుంది, మొదటి చాకుగా పనికిరాదు.

మొన గుండ్రంగా ఉండాలి. మొదటి రోజుల్లో మొనతో చేసే పని ఏదీ ఉండదు, పొడుచుకునే ప్రమాదం మాత్రం ఉంటుంది. అంచు పదునుగా ఉండి మొన గుండ్రంగా ఉన్న చాకులు పిల్లల కోసమే తయారు చేస్తున్నారు.

ఇక లాక్. దీని మీద వాదనలు చాలా ఉన్నాయి. మడత చాకుల్లో రెండు రకాలు. ఒకదాంట్లో వెనకున్న స్ప్రింగు బిగువు మీదే బ్లేడు నిలబడుతుంది, బ్లేడు వెన్ను వైపు నుంచి గట్టిగా నొక్కితే మూసుకుపోతుంది. రెండోదాంట్లో తెరిచాక బ్లేడు లాక్ అవుతుంది. లాక్ ఉన్నదే భద్రం అనిపిస్తుంది. కానీ లాక్‌లన్నీ ఒకటి కావు. పిడి లోపల రేకు పక్కకి జరిగి పట్టుకునే రకం ఒకటుంది. దాన్ని మూయాలంటే బొటనవేలు సరిగ్గా బ్లేడు దిగే దారిలో పెట్టి రేకుని నొక్కాలి. పెద్దవాళ్ళకి పర్వాలేదు, పిల్లలకి అది నప్పని పద్ధతి. పిడి మెడ దగ్గర ఉంగరంలా తిప్పే లాక్ అన్నిటికన్నా మంచిది, దాన్ని తిప్పేటప్పుడు వేళ్ళు బ్లేడు దారిలో ఉండవు.

తెరవడం కూడా చూడండి. బ్లేడు మీద గోరు పట్టించే గాడి ఉంటుంది. కొత్త చాకులు బిగుతుగా ఉంటాయి, పిల్లల గోరు మెత్తగా ఉంటుంది. గోరు జారిన క్షణంలో బ్లేడు టప్పున మూసుకుంటుంది. అందుకే దుకాణంలోనే, మీరు పట్టుకుని ఉండగా, పిల్ల చేతే తెరిపించండి. గోరు విరిగేంత బిగుతుగా ఉంటే ఇంకోటి చూడండి. ఎడమచేతి వాటం పిల్లలైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే గాడి ఎక్కువగా కుడిచేతి వాళ్ళకి అనువైన వైపే ఉంటుంది.

ఉక్కు స్టెయిన్‌లెస్ తీసుకోండి. కార్బన్ స్టీల్ పదును బాగా పడుతుంది నిజమే, కానీ మామిడికాయ కోసి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి నల్లబడుతుంది, వానాకాలంలో తుప్పు పడుతుంది. పిల్లలు తుడవడం మర్చిపోతారు.

బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి, ఒంటి చేత్తో విదిలిస్తే తెరుచుకునేవి, రెండు పిళ్ళు తిప్పుతూ ఆడించేవి, పన్నెండు పనిముట్లు ఒకదాంట్లో ఇరికించినవి, ఇవేవీ వద్దు. మొదటి మూడూ ఆయుధాల్లా కనిపిస్తాయి, చూసినవాళ్ళకి టెన్షన్. చివరిది బరువెక్కువ, పట్టు తక్కువ.

నేను చూడమని చెప్పేవి

విక్టోరినాక్స్ వాళ్ళ 'మై ఫస్ట్ విక్టోరినాక్స్'. స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టిన కంపెనీ ఇది, 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు ఇస్తోంది. ఈ పిల్లల మోడల్ మూసినప్పుడు 84 మిల్లీమీటర్లు, మొన గుండ్రం. లాక్ ఉండదు. లాక్ లేకపోవడం లోపమని నేననుకోను. చాకు వెన్ను వైపు నుంచి గట్టిగా నొక్కకూడదు, పొడవకూడదు అనే సంగతి పిల్లలకి మొదటి రోజే అర్థమవుతుంది. రంపం ఉన్న రకం దొరికితే తీసుకోండి, పిల్లలకి చాలా ఇష్టంగా ఉంటుంది, పుల్లలు కావలసిన పొడవుకి కోసుకోవడానికి పనికొస్తుంది.

ఓపినెల్ వాళ్ళ పిల్లల చాకు. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు ఇది. 7వ నంబరు సైజులో గుండ్రటి మొనతో పిల్లల మోడల్ చేస్తారు, బ్లేడు 8 సెంటీమీటర్లు, నేను పైన చెప్పిన కొలత కన్నా కాస్త ఎక్కువే. నేను పైన చెప్పిన ఉంగరం లాక్ వీళ్ళదే, 1955లో వచ్చింది. ఇప్పుడొచ్చే వాటిలో మూసినప్పుడు కూడా లాక్ చేయచ్చు. చెక్క పిడి చేతికి వెచ్చగా, గుండ్రంగా బాగుంటుంది. ఒకటే ఇబ్బంది: తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది, అప్పుడు పిల్లలు తెరవలేరు. నీళ్ళలో ముంచి కడగకూడదు.

మడత అసలే వద్దనుకుంటే స్వీడన్ వాళ్ళ మోరాక్నివ్‌లో 'స్కౌట్ 39 సేఫ్' అని ఒర ఉన్న కత్తి ఉంది. మొన గుండ్రం, వేళ్ళు బ్లేడు మీదకి జారకుండా పిడి దగ్గర అడ్డు. మూసుకుపోయే భయం ఉండదు గనక నేర్పడానికి తేలిక. కానీ బయటికి తీసుకెళ్తే మడత చాకు కన్నా ఎక్కువగా కళ్ళలో పడుతుంది.

ఈ మూడింట్లో ఏదైనా ఒకటే అంటే, పిల్ల పదేళ్ళ లోపు అయితే ఓపినెల్, ఆపైన అయితే విక్టోరినాక్స్ అంటాను.

కొనేటప్పుడు

ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తు వేసిన నకిలీలు ఊరంతా ఉన్నాయి. ఫుట్‌పాత్‌ల మీద, ఫ్యాన్సీ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో నమ్మశక్యం కాని చవక ధరకి దొరుకుతాయి. పిల్లల విషయంలో ఇది డబ్బు పోవడం మాత్రమే అయితే పర్వాలేదు. నకిలీ చాకులో స్ప్రింగు బలహీనం, బ్లేడు అటూఇటూ ఊగుతుంది, నాలుగు రోజులకే పదును పోతుంది. అసలుదైతే బ్లేడు మొదట్లో, పిడిలోకి వెళ్ళే చోట, కంపెనీ పేరు ముద్ర ఉంటుంది. తెరిచి, బ్లేడుని రెండు వేళ్ళతో పక్కలకి కదిపి చూడండి. కదలకూడదు. సగం తెరిచినప్పుడు కూడా స్ప్రింగు బిగువు తెలియాలి. కంపెనీ సొంత షోరూములోనో, అధీకృత డీలర్ దగ్గరో కొని బిల్లు తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేది ఎవరో చూడండి.

చాకుతో పాటు ఇంకో రెండు కొనండి: చెక్క పట్టుకునే చేతికి కోత తట్టుకునే గ్లోవ్ ఒకటి, పిల్లల సైజులో. మొదటి నెలల్లో అయ్యే గాయాలు చాలావరకు ఆ చేతికే అవుతాయి. ఈ గ్లోవ్ కోతని ఆపుతుంది, పోటుని ఆపదు, ఆ తేడా పిల్లకి చెప్పండి. రెండోది చిన్న ప్రథమ చికిత్స పెట్టె.

చట్టం, మెట్రో, స్కూలు

మన ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని నియమాల్లో 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడుల్ని ఆయుధాల జాబితాలో చేర్చారు, ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి మినహాయించి. మూడంగుళాల పిల్లల చాకు ఆ లెక్కకి ఎక్కడా అందదు. కాబట్టి ఇంట్లో ఉంచుకోవడానికి భయపడక్కర్లేదు.

చాకు వెళ్ళకూడని చోట్లు మాత్రం ఉన్నాయి, అవి పిల్లకి నోటికి రావాలి. స్కూలు బ్యాగులోకి ఎప్పుడూ వెళ్ళకూడదు, పెన్సిల్ చెక్కడానికైనా సరే. నమ్మ మెట్రోలోకి వెళ్ళకూడదు, స్టేషన్లో బ్యాగు స్కాన్ చేస్తారు, చాకు పట్టుబడుతుంది. విమానంలో చేతి బ్యాగులో తీసుకెళ్ళనివ్వరు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. మర్చిపోయి ట్రెక్ బ్యాగు అలాగే భుజానేసుకుని కెంపేగౌడ విమానాశ్రయానికి వెళ్తే సెక్యూరిటీ దగ్గర దాన్ని వదులుకోవాల్సిందే. ట్రెక్ నుంచి రాగానే చాకు తీసి దాని చోట పెట్టడం అలవాటు చేయండి.

అభయారణ్యాల సంగతి చాలామందికి తెలియదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళకూడదు, ఆ చట్టంలో ఆయుధాల నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. బన్నేర్‌ఘట్ట, కావేరి అభయారణ్యం లాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు చాకు ఇంట్లోనే ఉండాలి.

అపార్ట్‌మెంట్ విషయం చట్టం కన్నా సున్నితం. పక్క ఫ్లాటు పిల్లలు వచ్చినప్పుడు మన పిల్ల గొప్పగా చాకు చూపిస్తుంది. ఆ పిల్లల అమ్మానాన్నలకి ముందే ఒక మాట చెప్పండి. "మా అమ్మాయికి చాకు నేర్పుతున్నాం, మేం పక్కన లేనప్పుడు బయటికి తీయం" అంటే సరిపోతుంది. చెప్పకుండా తెలిస్తే గొడవ, ముందే చెబితే కొందరు తమ పిల్లల్ని కూడా కూర్చోబెట్టమంటారు.

మొదటి పాఠం: తెరవడం, మూయడం, ఇవ్వడం

మొదటి రోజు ఏమీ కోయించకండి. బల్ల దగ్గర కూర్చోబెట్టి తెరవడం, మూయడం మాత్రమే చేయించండి, ఆత్రం చల్లారేదాకా.

తెరిచేటప్పుడు పిడిని పక్కల నుంచి పట్టుకోవాలి, బ్లేడు బయటికొచ్చే గాడి మీదకి వేళ్ళు చుట్టుకోకూడదు. రెండో చేతి గోరు గాడిలో పెట్టి, చివరిదాకా నెమ్మదిగా లాగాలి. మూసేటప్పుడు కూడా వేళ్ళు పక్కలకే, బ్లేడు వెన్ను మీద రెండో అరచెయ్యి పెట్టి తోయాలి. మూసుకునే చివరి అంగుళంలోనే వేళ్ళు తెగుతాయి, అక్కడ స్ప్రింగు తనంతట తనే లాక్కుంటుంది. ఆ చివరి అంగుళం ఎలా ఉంటుందో పిల్లకి చేతితో తెలియాలి. ఒకసారి మీరు మూస్తూ, ఆ 'టక్' మనే బలాన్ని ఓ కాగితం ముక్క మీద చూపించండి. కాగితం తెగిపడటం చూశాక ఇక చెప్పక్కర్లేదు.

తర్వాత చాకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళడం. నా పద్ధతి: చేతికి ఇవ్వకూడదు. మూసి, బల్ల మీద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి. మన ఇళ్ళలో ఉప్పు చేతికి ఇవ్వరు, కింద పెడతారు; చాకూ అంతే అంటే పిల్లలకి ఇట్టే గుర్తుంటుంది.

పడిపోతున్న చాకుని పట్టుకోకూడదు. పడనివ్వాలి, కాళ్ళు వెనక్కి తీసుకోవాలి. ఇది చెబితే రాదు, సాధన చేయించాలి. ఒక చెంచా పట్టుకోమని, వదిలేయించి, చేతులు వెనక్కి లాక్కోవడం ఆటలాగా ఆడించండి.

ఎక్కడ కూర్చోవాలి, ఎలా కోయాలి

పని మొదలుపెట్టే ముందు మూసిన చాకు పట్టుకుని చెయ్యి చాచి చుట్టూ తిప్పించండి. ఆ వలయంలో ఎవరూ ఉండకూడదు. తమ్ముడో చెల్లెలో లోపలికి వస్తే చాకు మూసేయాలి, "పక్కకి వెళ్ళు" అని అరుస్తూ కోయకూడదు.

నిలబడి కోయకూడదు, నడుస్తూ అసలే కూడదు. ఒళ్ళో పెట్టుకుని కోయడం అన్నిటికన్నా ప్రమాదం. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదకి వస్తుంది. చిన్న స్టూలు మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, చేతులు మోకాళ్ళ అవతలికి చాపి కోయాలి. ఈ ఒక్క భంగిమ అలవాటు చేస్తే సగం ప్రమాదాలు పోయినట్టే. మనం బాల్కనీలో కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం కదా, ఆ భంగిమ చాకుకి పనికిరాదు, పుల్ల సరిగ్గా ఒళ్ళోకే వస్తుంది.

కోత ఎప్పుడూ ఒంటికి దూరంగా వెళ్ళాలి. పుల్ల పట్టుకున్న చెయ్యి బ్లేడుకి వెనకే ఉండాలి, ముందు ఉండకూడదు.

పొడుగు కోతలు అలవాటయ్యాక బొటనవేలి తోపు నేర్పండి. కుడిచేతి వాటం పిల్ల అయితే ఎడమచేత్తో పుల్ల పట్టుకుంటుంది. అదే చేతి బొటనవేలు బ్లేడు వెన్ను మీద, మొద్దు వైపు ఆనిస్తుంది. కుడిచెయ్యి చాకుని కోణంలో నిలిపి ఉంచుతుంది తప్ప తోయదు. తోసేది ఎడమ బొటనవేలు. బ్లేడు ఒక అర సెంటీమీటరు మాత్రమే కదులుతుంది, ఆగుతుంది. చిన్న పెచ్చు లేస్తుంది. జారినా పోయేది ఎక్కడికీ లేదు. పిల్లలు మొదట్లో దీన్ని విసుక్కుంటారు, పెద్ద పెద్ద పెచ్చులు లేపాలని ఉంటుంది వాళ్ళకి. కానీ గాట్లు, మొనలు, అందమైన పని అంతా ఈ కోతతోనే వస్తుంది.

ఇరవై నిమిషాలు చాలు ఒకసారికి. చేతులు అలిసిపోయాక పట్టు సడలుతుంది, ధ్యాస తప్పుతుంది. "ఇంకొక్కటి అమ్మా" అన్నప్పుడే ఆపాలి.

ఏం చెక్కాలి

మొదట స్నానపు సబ్బు. చవకది ఒకటి కొనండి. మెత్తగా తెగుతుంది, పెచ్చులు లేచే తీరు తెలుస్తుంది, తప్పు కోసినా నష్టం లేదు. చేప, పడవ, ఆకు లాంటివి తేలిక. తర్వాత పచ్చి పుల్లల బెరడు తీయడం. ఆ తర్వాత ఎండు చెక్క.

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన పడితే మర్నాడు వీధుల్లో కొమ్మలు రాలి ఉంటాయి. ఇంతకన్నా మంచి ముడిసరుకు ఉండదు. బొటనవేలంత లావు, జానెడు పొడవు, కణుపులు లేని ముక్కలు ఏరించండి. పచ్చి కొమ్మ ఎండు కొమ్మ కన్నా మెత్తగా తెగుతుంది.

కానీ ఏ చెట్టో తెలియకుండా తీసుకోవద్దు. గన్నేరు మన రోడ్ల డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ కంచెల వెంట విరివిగా ఉంటుంది. దాని ఆకు, కాండం, పాలు అన్నీ విషమే. పచ్చగన్నేరు కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తెంపితే తెల్ల పాలు కారే కొమ్మ ఏదైనా వదిలేయమని చెప్పండి, అది పిల్లలకి గుర్తుపెట్టుకోవడానికి తేలికైన నియమం. గన్నేరుకి పాలు ఎప్పుడూ స్పష్టంగా కనబడవు కాబట్టి దాని ఆకుల్ని మాత్రం విడిగా చూపించి గుర్తుపట్టించండి. వెదురు కూడా మొదట్లో వద్దు, చీలిన అంచు చాకంత పదునుగా ఉంటుంది.

ఎండు చెక్కకి మన దగ్గర గొప్ప సంప్రదాయం ఉంది. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చాలా తేలిక, చాలా మెత్తన, పిల్లల చాకుకి ఇంతకన్నా అనువైన చెక్క లేదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర దానికన్నా గట్టి. అదే అంకుడుతో మన పక్కనే, మైసూరు రోడ్డు మీద అరవై కిలోమీటర్లలో ఉన్న చన్నపట్న బొమ్మలు చేస్తారు, కన్నడిగులు దాన్ని ఆలె మర అంటారు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి, చక్రం మీద బొమ్మ తిరుగుతుంటే లక్క రంగు ఎక్కించడం చూపించండి. తరుగు ముక్కలు ఇస్తారేమో అడిగి చూడండి. వేసవిలో విజయవాడ వైపు వెళ్తే కొండపల్లిలో కూడా అడగండి. పొణికి దొరకడం కష్టమైపోతోందని అక్కడి కళాకారుల బాధ, కాబట్టి పనికిరాని ముక్కలే అడగండి, దుంగలు బేరమాడకండి.

చెక్కడానికి ఒక పని ఉండాలి. ఊరికే పుల్ల మొన చేయించడం నాలుగు రోజులకి విసుగు. నాకు అన్నిటికన్నా నచ్చింది కర్రా బిళ్ళా. కన్నడ పిల్లలు చిన్ని దాండు అంటారు, ఇక్కడి తాతలకి కూడా తెలుసు. బిళ్ళ చెక్కాలంటే వేలెడు పుల్లకి రెండు కొసలూ సమానంగా సన్నబడాలి. ఒక కొస లావుంటే దెబ్బ కొట్టినప్పుడు సరిగ్గా లేవదు. అంటే పిల్ల తన పని బాగుందో లేదో తనే ఆడి తెలుసుకుంటుంది, మనం మార్కులు వేయక్కర్లేదు. తిరిగి కూర్చుని ఆ కొస ఇంకొంచెం చెక్కుతుంది. ఆడేటప్పుడు మాత్రం ఖాళీ మైదానంలో, చూసే పిల్లల్ని దూరంగా నిలబెట్టి ఆడించండి, బిళ్ళ కంటికి తగిలితే చాలా ప్రమాదం.

క్రికెట్ స్టంపులకి మొనలు, మొక్కల కుండీల్లో గుచ్చే పేరు పుల్లలు, ఊలు చుట్టుకునే కడ్డీ, ఇవన్నీ చేయించచ్చు. వంటింట్లో జామకాయ ముక్కలు, ఉగాది పచ్చడికి మామిడికాయ తురుమంత సన్నటి ముక్కలు కోయమనండి. పండగ పచ్చడిలో తన కోత ఉందని పిల్ల వారం రోజులు చెప్పుకుంటుంది. తిండి కోసే ముందు చాకు సబ్బుతో కడగాలి, కర్ర చెక్కిన చాకే కదా.

ఆయుధ పూజ నాడు ఆ చాకుకి కూడా బొట్టు పెట్టించండి. బెంగళూరులో ఆ రోజు బస్సుకీ కంప్యూటర్‌కీ అందరూ పెడతారు. పనిముట్టుని శుభ్రం చేసి, పక్కన పెట్టి, ఆ రోజు వాడకుండా ఉంచడం పిల్లలకి బాగా నచ్చుతుంది.

వేలు తెగితే

తెగుతుంది. ఎప్పుడో ఒకసారి కచ్చితంగా తెగుతుంది, ముందే పిల్లకి చెప్పి ఉంచండి.

చాకు మూసి పక్కన పెట్టాలి. కుళాయి ధార కింద కడగాలి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో పెట్టి పది నిమిషాలు ఉంచాలి. మధ్యలో తీసి చూడకూడదు, తీసిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. పసుపు, కాఫీపొడి అద్దకండి. అవి గాయంలో మురికిగా మిగిలి, తర్వాత డాక్టరు శుభ్రం చేయాల్సి వస్తుంది.

పది నిమిషాలు నొక్కినా ఆగకపోతే, అంచులు విచ్చుకుని లోపల కనిపిస్తుంటే, వేలు ముడవలేకపోతే, కొస మొద్దుబారితే ఆసుపత్రికి వెళ్ళాలి. చివరి రెండూ స్నాయువో నరమో తెగిన గుర్తులు కావచ్చు, గాయం చిన్నదని ఊరుకోవద్దు. రక్తం చిమ్ముతుంటే 108కి ఫోన్ చేయండి. ధనుర్వాతం రాకుండా వేసే టీకాలు పడ్డాయో లేదో కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. మన ప్రభుత్వ పట్టికలో ఐదారేళ్ళకి డీపీటీ బూస్టరు, పదేళ్ళకి, పదహారేళ్ళకి టీడీ ఉంటాయి. పదేళ్ళ టీడీ చాలామంది మర్చిపోతారు.

పిల్ల ఏడుపు ఆగాక, అదే రోజు కాకపోయినా ఆ వారంలోనే మళ్ళీ చాకు పట్టించండి. ఏ కోతలో తెగిందో తననే చూపించమనండి. చాకు లాక్కుని దాచేస్తే, మళ్ళీసారి తెగినప్పుడు చెప్పదు.

పదును, నిల్వ

చాకు మీ దగ్గర, తాళం వేసిన డ్రాయర్లో ఉండాలి. పిల్లదే చాకు, కానీ అడిగి తీసుకోవాలి. ఏడాది గడిచి, నియమాలు తనే తమ్ముడికి చెప్పే స్థితికి వచ్చాక తాళంచెవి సంగతి ఆలోచించండి.

వాడాక ఆరబెట్టి, తుడిచి పెట్టాలి. మడత దగ్గర అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, తెరిచి మూసి, పైకొచ్చిన నూనె తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు పట్టి దుమ్ము అతుక్కుంటుంది.

పదును తగ్గిందో లేదో పేపరుతో చూడండి. ఒక చేత్తో దినపత్రిక కాగితం నిలువుగా పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి. వేలితో పరీక్షించడం పిల్లకి ఎప్పుడూ నేర్పకండి. సైకిల్ చక్రం మీద సాన పట్టేవాళ్ళు మన వీధుల్లోకి ఇంకా వస్తుంటారు, వంటింటి కత్తులకి వాళ్ళు మంచివాళ్ళే. ఇంత పల్చటి చిన్న బ్లేడు మాత్రం ఆ చక్రానికి ఇవ్వకండి, వేడెక్కి ఉక్కు గుణం పోతుంది, లోహం కూడా ఎక్కువ అరిగిపోతుంది. 1000 గ్రిట్ సానరాయి ఒకటి కొని, తడిపి, బ్లేడుని పదిహేను నుంచి ఇరవై డిగ్రీల కోణంలో ఉంచి రెండు వైపులా సమానంగా రుద్దితే చాలు. మొదట్లో మీరు రుద్దండి, పిల్ల నీళ్ళు చల్లుతుంది. పదకొండు, పన్నెండేళ్ళకి తనే రుద్దడం నేర్చుకుంటుంది. మొన ఉన్న రెండో చాకు కొనాల్సింది అప్పుడు.